గూగుల్ నిల్వ ఉంచిన నకలు పాతదైతే ర్యాంకు తగ్గుతుందా?

ప్రశ్న:
గూగుల్ ఫలితాల పక్కన ఉండే ‘క్యాష్డ్’ లింకును (గూగుల్ దాచుకున్న పేజీ నకలును తెరిచేది) చూసి మా తెలుగు వ్యాసాల సైటు పరిస్థితిని అంచనా వేసుకునేవాణ్ణి. నకలు మీద తేదీ కొత్తగా ఉన్న పేజీలే పైస్థానాల్లో ఉండేవి కాబట్టి, నకలు తాజాదనం ర్యాంకును పెంచుతుందని నా అభిప్రాయం. 2024 ఆరంభంలో ఆ లింకునూ, సెప్టెంబరులో అదే నకలును వెతుకు పెట్టె నుంచి తెరిచే ‘క్యాష్’ ఆదేశాన్నీ గూగుల్ తీసేసింది. ఇప్పుడు దేన్ని చూడాలి?

1వ స్పందన:
నాదీ అదే అభిప్రాయమండీ. క్రాలర్ (వెబ్‌లో తిరుగుతూ పేజీలను సేకరించే ప్రోగ్రాము) తెచ్చిన పేజీల హెచ్‌టీఎంఎల్‌ను, అంటే పేజీ కోడును, కుదించి రిపాజిటరీ అనే నిల్వలో దాస్తామనీ, వెతకడానికి వీలుగా మాటల సూచికను (ఇండెక్సును) తయారుచేసే ఇండెక్సర్ దాన్నే చదువుతుందనీ గూగుల్ స్థాపకులు బ్రిన్, పేజ్ 1998 నాటి పరిశోధన పత్రంలోనే రాశారు. నకలు పాతదైతే ఇండెక్సూ పాతదే కదా.

2వ స్పందన:
ఆ పత్రం గురించి మీరు చెప్పినది నిజమే. అయితే ఇండెక్సర్ చదివే ఆ నిల్వ వేరు, మనకు చూపించిన నకలు వేరు. రెండోది సైటు తెరుచుకోనప్పుడు పాఠకుడికి అక్కరకు రావాలని పెట్టినది మాత్రమే. పేజీలో ‘నోఆర్కైవ్’ ట్యాగు పెట్టినవారికి ఆ లింకు కనిపించకుండా పోయేదే తప్ప, పేజీ ఇండెక్సులోనే ఉండేది, ర్యాంకూ మారేది కాదు. జావాస్క్రిప్టుతో నడిచే సైట్ల నకలు తెరిస్తే తరచూ ఖాళీ పేజీ వచ్చేది. గూగుల్ మాత్రం ఆ పేజీని రెండర్ చేసి (బ్రౌజరులాగే స్క్రిప్టును నడిపి), అందులోని పాఠమంతా ఇండెక్సులో చేర్చుకుని ఉండేది.

మరి పైస్థానాల్లోని పేజీలకు కొత్త తేదీ ఎందుకుండేదంటే, ఆదరణ ఎక్కువగా ఉండి తరచూ మారే పేజీల దగ్గరకు క్రాలర్ ఎక్కువసార్లు వస్తుంది. ఆ ఆదరణకు కారణమైన మంచి లింకులు, ఉపయోగపడే విషయమే ర్యాంకుకూ తోడ్పడతాయి. ఒకే కారణం నుంచి పుట్టిన రెండు ఫలితాల్లో ఒకదాన్ని రెండోదానికి కారణమనుకోవడం వల్లే, విషయాన్ని మెరుగుపరచాల్సిన సమయమంతా తేదీలు మార్చడానికి ఖర్చవుతోంది.

మన భాషలోనే దీనికి గట్టి ఉదాహరణ ఉంది. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ వ్యాపించకముందు ఈనాడు వంటి పత్రికల సైట్లు సొంత ఫాంట్లలో ఉండేవి. ఆ పేజీల నకళ్లు ఎంత తాజాగా ఉన్నా, లోపలున్నవి లాటిన్ అక్షరాల సంకేతాలే కనుక, యూనికోడ్ తెలుగులో వెతికినవారికి అవి దొరికే మార్గమే లేదు. నకలు ఉండటం, అందులోని మాటలు ఇండెక్సుకు అర్థమవడం, వాటికి స్థానం దక్కడం మూడూ వేర్వేరు దశలు.

ఇప్పుడు చూడవలసింది సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లోని యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్. చివరి క్రాల్ తేదీ, గూగుల్ ఎంచుకున్న కెనానికల్ చిరునామా (ఒకేలాంటి పేజీల్లో అసలుదిగా తీసుకున్నది), అది చూసిన హెచ్‌టీఎంఎల్ అక్కడే తెలుస్తాయి. పాత వెబ్ పేజీలను చూపే వేబ్యాక్ మెషీన్ నకళ్లను వేరే సంస్థ భద్రపరుస్తుంది. వాటిని బట్టి గూగుల్ ఇండెక్సును అంచనా వేయకండి.

ప్రశ్నించినవారు:
వ్యాసంలో కొత్త భాగం చేర్చాక క్రాలర్ చాలాకాలం రాకపోతే నష్టం లేదంటారా?

2వ స్పందన:
ఉంది. కొత్తగా చేర్చిన మాటల కోసం వెతికేవారికి ఆ పేజీ ఆ భాగం వల్ల దొరకదు. అది పాతబడినందుకు వేసిన శిక్ష కాదు. ఆ మాటలు ఇంకా ఇండెక్సుకు చేరలేదు, అంతే. సైట్‌మ్యాపులో (సైటులోని పేజీల జాబితా ఫైలులో) సవరించిన తేదీని నిజాయితీగా ఇచ్చి, ఆ ఒక్క పేజీకీ ఇన్‌స్పెక్షన్ నుంచే ఇండెక్సింగ్ అభ్యర్థన పంపండి.