సొంతంగా కంప్యూటర్ బిగించుకోవడానికి ప్రత్యేక పరిజ్ఞానం కావాలా?

కృష్ణాతీరం:
నేను కామర్స్ చదివినవాణ్ణి. ఇంతవరకు క్యాబినెట్ మూత తీసి లోపల చూసింది లేదు. వీడియో ఎడిటింగ్ కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకోవాలని ఉంది. హార్డ్‌వేర్ కోర్సు చేయనివారు ఈ పనికి పూనుకోవచ్చా? స్వయంగా చేసినవారు తమ అనుభవం చెప్పగలరు.

పాతమెకానిక్:
హార్డ్ డిస్కు వెనుక జంపర్లు మార్చి ఏది మాస్టరో, ఏది స్లేవో నిర్ణయించవలసి వచ్చిన రోజుల్లో అడిగి ఉంటే, నేర్చుకున్నవారి చేత చేయించుకొమ్మనేవాణ్ణి. ఇప్పుడా అవస్థ లేదు. ర్యామ్‌కు ఉన్న గాడి స్లాట్‌లో ఒక వైపే సరిపోతుంది, 24 పిన్నుల కరెంటు తీగ తిరగేసి పెట్టబోతే దిగనే దిగదు, ప్రాసెసర్ మూలనున్న చిన్న త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుతో కలిపితే చాలు. కొంచెం ఓపిక కావలసింది క్యాబినెట్ ముందువైపు నుంచి వచ్చే సన్నని తీగల దగ్గరే. పవర్ స్విచ్చి తీగను ఎటు గుచ్చినా ఫరవాలేదు గాని, లైట్ల తీగలకు ప్లస్, మైనస్ తేడా ఉంటుంది. అవి తారుమారైనా లైటు వెలగదు తప్ప ఏదీ కాలిపోదు. మదర్‌బోర్డు (ఈ భాగాలన్నీ కూర్చునే పెద్ద పలక) బిగించే ముందు మాత్రం దాని రంధ్రాలకు ఎదురుగా ఉన్నచోటనే బోర్డును ఎత్తి నిలిపే ఇత్తడి స్టాండాఫ్‌లు ఉన్నాయో లేదో చూసుకోండి. అదనంగా ఒకటి అడుగున మిగిలిపోతే బోర్డు షార్ట్ కావచ్చు.

లెక్కలమాస్టారు:
పాతమెకానిక్ గారు చెప్పినది బిగింపు వరకు నిజమే గాని, అసలు చిక్కు అంతకు ముందే, కొనేటప్పుడే ఉంది. ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్ డీడీఆర్4, డీడీఆర్5 అనే రెండు రకాల ర్యామ్‌తోనూ పనిచేస్తుంది, కాని మీరు కొనే బోర్డు సాధారణంగా వాటిలో ఒక్కదానికే తయారై ఉంటుంది. ఏఎమ్‌డీ వారి రైజెన్ 5 5600 ప్రాసెసర్‌లో తెర మీద బొమ్మ చూపే గ్రాఫిక్స్ లేదు, పక్కనే ఉండే 5600జీలో ఉంది. ఒక్క అక్షరం చూసుకోకపోతే విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనక తప్పదు. మా బంధువుల అబ్బాయి బీ450 బోర్డు మీద రైజెన్ 5000 వరుస ప్రాసెసర్ పెట్టాడు. ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద మాత్రం ఏమీ రాలేదు. ఆ బోర్డులు 2018లో, ఆ ప్రాసెసర్లు 2020లో వచ్చినవి కనుక, బోర్డులో ఉన్న పాత బయోస్‌కు (కంప్యూటర్‌ను మొదట మేల్కొలిపే ప్రోగ్రాముకు) కొత్త ప్రాసెసర్ అంటే ఏమిటో తెలియదు. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చే బటన్ ఆ బోర్డుకు లేదు, అందువల్ల ఎవరి దగ్గరైనా పాత ప్రాసెసర్ అరువు దొరికే వరకు ఆగవలసి వచ్చింది. దీనికి కోర్సు అక్కరలేదు. బోర్డు తయారీదారు సైటులో ఏ ప్రాసెసర్‌కు ఏ బయోస్ కావాలో తెలిపే పట్టికను కొనకముందే చదివితే సరిపోతుంది.

ల్యాబ్‌టీచర్:
పాలిటెక్నిక్ విద్యార్థుల చేత ఈ పని చేయిస్తుంటాను. వారందరూ భయపడే ఘట్టం ఒక్కటే: ఇంటెల్ సాకెట్ మీది లివర్‌ను కిందికి నొక్కేటప్పుడు కరకరమని చప్పుడు వస్తుంది, చేతికి గట్టిగా ఎదురు తగులుతుంది. అక్కడ ఆగిపోయి నా మొహం చూస్తారు. ప్రాసెసర్ సరిగ్గా కూర్చుని ఉంటే ఆ చప్పుడు మామూలే. అయితే పిన్నులు ఉండేది సాకెట్‌లో కాబట్టి ప్రాసెసర్‌ను పైనుంచి జారవిడవకూడదు, ఆ పిన్నులకు వేలు తగలనీయకూడదు. లివర్ మూసినప్పుడు ఊడివచ్చే నల్లని ప్లాస్టిక్ మూతను పారేయకండి, వారంటీకి పంపేటప్పుడు అది అడుగుతారు. కూలర్ అడుగున అంటించిన పలుచని ప్లాస్టిక్ పొరను తీయడం మరిచిపోయేవారు ఏటా ఒకరైనా ఉంటారు.

రాత్రిపూటగేమర్:
నాకు తెలిసినంతలో కొత్తవారిని కంగారుపెట్టేది మొదటిసారి ఆన్ చేయడం. కొత్త రైజెన్‌ల ఏఎమ్5 సాకెట్ ఉన్న బోర్డు మీద డీడీఆర్5 ర్యామ్ వేస్తే, మొదటిసారి అది ర్యామ్‌ను పరీక్షించుకుని కుదురుకునే లోగా కొన్ని నిమిషాలపాటు తెర నల్లగానే ఉండవచ్చు. చెడిపోయిందనుకుని మధ్యలో కరెంటు తీయకండి. అప్పటికీ ఏమీ రాకపోతే ప్రాసెసర్‌కు విడిగా ఇచ్చే 8 పిన్నుల తీగ పెట్టారా, మానిటర్ తీగను బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకే తగిలించారా అని చూడండి.

బిల్లుదాచుకోండి:
అందరూ చేసి తీరాలని నేననను. విడిభాగాలన్నీ ఒకే చోట కొంటే బిగించి ఇచ్చే దుకాణాలు ఉన్నాయి, మీకు తీరిక లేకపోతే అదే మేలు. కాని నాకొక దుకాణంలో, నేను అడిగిన ఎస్ఎంపీఎస్‌కు (కరెంటు సరఫరా చేసే డబ్బాకు) బదులు పేరూ ఊరూ లేనిదొకటి పెట్టి ఇచ్చారు. ఎదురుగా నిలబడి బిగింపించుకోండి, బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోండి. ఇంట్లో చేసినా సరే, ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి, ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. ఒక మోడల్ ఎస్ఎంపీఎస్‌తో వచ్చిన తీగలను ఇంకొక మోడల్‌కు వాడడం కూడా మంచిది కాదు. చివర ఒకేలా కనిపించినా, ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక వేరు కావచ్చు.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం: బోర్డుకే నేరుగా గుచ్చే ఎం.2 ఎస్‌ఎస్‌డీ రెండు, తీగతో తగిలించే పాత సాటా హార్డ్ డిస్కులు రెండు పెట్టాలనుకుంటున్నాను. అన్నీ పడతాయా?

పాతమెకానిక్:
అది బోర్డును బట్టి ఉంటుంది. కొన్నింటిలో రెండవ ఎం.2 స్లాటు వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. మాన్యువల్‌లో స్టోరేజీ పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసి ఉంటుంది. బోర్డు మోడల్ పేరు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.