పెళ్లికి ముందే బాప్తిస్మమా? ఇంగ్లండు చర్చి రిజిస్టర్లలో ఒక వంశం జాడ

నార్ఫోక్ కోడలు:
మా అత్తవారిది నార్ఫోక్ కౌంటీ. ఇంగ్లండులో ప్రభుత్వ జనన మరణాల నమోదు 1837 జులై 1న మొదలైంది కనుక, అక్కడి దాకా సర్టిఫికెట్లతోనే వెళ్లగలిగాను. 1851 జనాభా లెక్కల్లో ఆనాటి పెద్దాయన పుట్టిన పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) పేరు కూడా రాసి ఉండడంతో, ఆ ఊరి చర్చి రిజిస్టర్లలోకి దిగి ఒక్కో తరం వెనక్కి వెళ్లాను. ఇప్పుడొక చిక్కు వచ్చింది. 1723 మే నెలలో పెళ్లయిన దంపతుల బిడ్డకు 1723 ఫిబ్రవరిలోనే బాప్తిస్మం ఇచ్చినట్టుంది. మా అత్తగారు నవ్వి ఊరుకున్నారు గాని, ఇది వేరే కుటుంబమేమోనని నా అనుమానం.

పాత దస్తూరి:
అమ్మా, తొందరపడి కొట్టివేయకండి. 1752కు ముందు ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న మారేది. ఉగాదికి సంవత్సరం పేరు మార్చుకునే మనకు ఇది వింతేమీ కాదు. ఆ లెక్కన 1723 మే తరువాత వచ్చిన ఫిబ్రవరి కూడా 1723లోనిదే, ఈనాటి లెక్కకు 1724. అంటే పెళ్లయిన తొమ్మిదో నెలలో బాప్తిస్మం. మీ పట్టికలో 1723/24 అని రెండూ రాసుకోండి. ఆ కాలపు పుటల్లో లాటిన్‌లో గులియెల్ముస్ అని ఉంటే విలియం అనీ, యాకోబుస్ అని ఉంటే జేమ్స్ అనీ చదువుకోవాలి.

లెస్టర్ నుంచి:
ఖననాల పుస్తకం కూడా తప్పక చూడండి. నేను అది తెరవకుండా, బాప్తిస్మం నమోదు ఒక్కటే నమ్ముకుని, రెండేళ్లు తప్పు మనిషి వెంట తిరిగాను. నేను మూలపురుషుడనుకున్న బిడ్డ నాలుగు నెలలకే పోయాడు. మరుసటి ఏడు పుట్టిన తమ్ముడికి అదే పేరు పెట్టారు. అక్కడ అది మామూలే. కంప్యూటర్ సూచికలో ఇద్దరూ ఒక్కరిలాగే కనిపిస్తారు కాబట్టి, పుట ఫోటో చూడనిదే ఏదీ ఖాయం చేసుకోకూడదని నా అభిప్రాయం.

పాత దస్తూరి:
పుట చెమ్మకు చెరిగిపోయి ఉంటే బిషప్ ప్రతి వెతకండి. పారిష్ నమోదుల నకలు ఏటా బిషప్‌కు పంపాలన్న నియమం 1598 నుంచి ఉండేది. అయితే 1640, 1650 దశకాల్లో, అంతర్యుద్ధం, ఆ తరువాత రాజు లేకుండా సాగిన కామన్వెల్త్ పాలన మూలంగా, అనేక ఊళ్లలో రిజిస్టర్లకూ నకళ్లకూ కూడా పెద్ద ఖాళీలున్నాయి.

నార్ఫోక్ కోడలు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఖననాలు పదేళ్ల దాకా చూశాను, ఆ పేరుతో ఎవరూ లేరు. పైగా అబ్బాయి పెళ్లి నమోదు 1755లో దొరికింది. 1754 నుంచి వధూవరులు సంతకం చేయాలన్న చట్టం రావడంతో అక్కడ అతని నిశానీ ఉంది: వంకరగా, సిరా కాస్త ఒలికిన ఒక ఇంటూ గుర్తు. దాని కిందే అతని భార్య తన పేరును పూర్తిగా, గుండ్రని అక్షరాలతో రాసింది. ఆమె ఎక్కడ చదువుకున్నదో వెతకాలని ఉంది గాని, ఆమె ఊరు పక్క పారిష్ అని రాశారు. వచ్చే వారం ఆ రిజిస్టరు తెరుస్తాను.