వీఆర్‌లో వెనక జరిగేది గమనించాలంటే శబ్దమా, వైబ్రేషనా?

కీర్తన_వీఆర్: ఫ్యాక్టరీ అగ్నిప్రమాద శిక్షణకు వీఆర్ (వర్చువల్ రియాలిటీ) సీన్ చేస్తున్నాం. హెడ్‌సెట్‌లో ఒకసారికి కనిపించేది సుమారు 100 డిగ్రీలే. మంట వెనక మొదలవుతుంది, చాలామంది గమనించడం లేదు. బాణం గుర్తు పెడితే బాణాన్నే చూస్తున్నారు. శబ్దం పెట్టాలా, చేతిలో పట్టుకునే కంట్రోలర్‌కు వైబ్రేషన్ పెట్టాలా?

శబ్దవేధి: శబ్దమే. రెండు చెవులకూ శబ్దం చేరడంలో తేడా సుమారు 0.7 మిల్లీసెకన్లు మించదు, అయినా మెదడు దిక్కు పట్టేస్తుంది. మంట ఉన్నచోటే చిటపటలు పెట్టండి, తల దానంతటదే తిరుగుతుంది.

మరమేకు: సరిగ్గా ముందున్నా, సరిగ్గా వెనకున్నా ఆ తేడా సున్నాయే కదా. అప్పుడెలా?

శబ్దవేధి: చెవి డొప్ప మడతల వల్ల శబ్దం మారుతుంది, దాంతో తెలుస్తుంది. తల కాస్త కదిపితే ఇంకా తేలిక.

మరమేకు: హెడ్‌సెట్‌లో ఆ మార్పును సాఫ్ట్‌వేరే లెక్కగట్టాలి, దాంట్లో ఉండేది నా చెవి డొప్ప కాదండీ. ఎవరి చెవి కొలతలో, బొమ్మ తల కొలతలో. అందుకే ముందూ వెనకా తారుమారవుతాయి.

బాబీ_గేమర్: మంచి హెడ్‌ఫోన్స్ కొనండి.

శబ్దవేధి: మరి కంట్రోలర్లు ఏం చెబుతాయి? ఎడమ, కుడి, అంతే. అదీ చేతులు ఎటున్నాయో దాన్నిబట్టి. తలుపు పట్టుకున్నా అవే వణుకుతాయి, ఏ వణుకు దేనికో ఎలా తెలుస్తుంది? 2023లో వచ్చిన సోనీ వాళ్ల పీఎస్ వీఆర్2లో హెడ్‌సెట్‌కే మోటారు పెట్టారు. అదీ ఒక్కటే, దిక్కు చెప్పలేదు.

మరమేకు: నడుముకు చుట్టూ మోటార్లున్న బెల్టు కడితే చెబుతుంది. ముందూ వెనకా సంగతి మాత్రం మీరు దాటేస్తున్నారు.

శబ్దవేధి: తల కదపండి అని చెప్పాను కదా! ఎన్నిసార్లు చెప్పాలి? శ్రద్ధగా వింటే ఎవరికైనా తెలుస్తుంది.

మరమేకు: నా ఎడమ చెవి పనిచేయదు సార్. మిషన్ల మోతలో పోయింది. కిందటేడు మా కంపెనీలో ఇలాంటి శిక్షణే పెట్టారు. గ్యాస్ లీకయిన శబ్దం విన్నాను, ఎటో తెలియలేదు. 'అప్రమత్తత లేదు' అని రాశారు. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

శబ్దవేధి: అలా రాయడం అన్యాయం. కానీ నిజంగా మంటలొస్తే మీ నడుము దగ్గర ఏదీ వణకదు. దానికి అలవాటుపడినవాళ్లు రేపు ప్లాంటులో అది వణికేదాకా ఆగుతారు. నా భయమంతా అదే.

మరమేకు: ఇప్పుడు బయటికొచ్చింది. శిక్షణలో సాయమే ఉండకూడదంటారు. ప్లాంటులో సైరన్‌తో పాటు ఎర్రలైటు తిరుగుతుంది, వేడి తగులుతుంది, పక్కవాడు భుజం పట్టి లాగుతాడు. అవన్నీ తీసేసి శబ్దమొక్కటే ఉంచితే అది నిజం ప్లాంటా?

కీర్తన_వీఆర్: మొదట రెండూ పెట్టి, రౌండు రౌండుకీ వైబ్రేషన్ తగ్గిస్తే?

శబ్దవేధి: సరే. చివరి పరీక్షలో మాత్రం ఉండకూడదు.

మరమేకు: నాకు ఆ ముద్ర పడింది చివరి పరీక్షలోనే. అక్కడ తీసేస్తానంటే నేను ఒప్పుకోను.