షిమోన్ సకగుచి పరిశోధనా పత్రాలు, సైటేషన్లు: వీటిని ఎలా విశ్లేషించాలి?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని):
నేను ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. ఒక శాస్త్రవేత్త ప్రచురణలనూ, వాటికి వచ్చిన సైటేషన్లనూ (ఇతర పత్రాల్లో వచ్చిన ప్రస్తావనలనూ) విశ్లేషించి సెమినార్ ఇవ్వాలి. రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపై దాడి చేయకుండా ఆపే నియంత్రక టి-కణాల పరిశోధనకు 2025లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిసి అందుకున్న షిమోన్ సకగుచి గారిని ఎంచుకున్నాను. ఆయన పత్రాల జాబితా చాలా పెద్దది. బ్రంకో గారిది దాని పక్కన చాలా చిన్నది. బహుమతి ఒక్కటే అయినప్పుడు ఈ తేడాను ఎలా వివరించాలి? ముగ్గురి హెచ్-ఇండెక్స్‌లతో (సైటేషన్ల ఆధారంగా లెక్కించే సూచికలతో) ఒక పట్టిక చూపిస్తే సరిపోతుందా?

సమాధానం (ఇమ్యునాలజీ అధ్యాపకుడు):
పట్టిక కంటే ముందు సంవత్సరాలను వరుసగా రాసుకోండి. ఆడ ఎలుక పిల్లలకు పుట్టిన మూడో రోజున థైమస్ గ్రంథిని తొలగిస్తే వాటి అండాశయాలు దెబ్బతింటాయని నిషిజుక, సకకుర అనే శాస్త్రవేత్తలు 1969లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఆ ప్రయోగాన్ని అందిపుచ్చుకున్న సకగుచి, ఆరోగ్యంగా ఉన్న ఎలుకల టి-కణాలను (థైమస్‌లో పరిణతి చెందే రోగనిరోధక కణాలను) ఎక్కిస్తే ఆ నష్టాన్ని నివారించవచ్చని 1982లో చూపించారు. అయితే సరిగ్గా ఆ రోజుల్లోనే, రోగనిరోధక ప్రతిస్పందనను అణచివేస్తాయని భావించిన సప్రెసర్ టి-కణాల పనికి మూలమని నమ్మిన ఐ-జె జన్యువు ఉండవలసిన చోట లేదని తేలడంతో, ఆ అంశం మీదే చాలామందికి నమ్మకం పోయింది. అందరూ వదిలేసిన ప్రశ్నను ఆయన పట్టుకుని ఉన్నారు. 1995లో జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీలో వచ్చిన పత్రం అలా నష్టాన్ని నివారించే నియంత్రక టి-కణాలను గుర్తుపట్టడానికి సీడీ25 అనే ఉపరితల ప్రోటీన్‌ను చూపించింది కాబట్టి, ఇతర ప్రయోగశాలలవారు కూడా వాటిని వేరుచేసి పరీక్షించగలిగారు. ఆ పత్రానికి తర్వాత వచ్చిన వేల సైటేషన్లకు ముఖ్య కారణం ఇదేనని నా అభిప్రాయం.

సమాధానం (గ్రంథాలయ విజ్ఞాన శాస్త్ర విభాగం):
2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ 40 అంటే, కనీసం 40 సైటేషన్లు వచ్చిన పత్రాలు 40 ఉన్నాయని అర్థం. ఆ లెక్కలో ఒక పత్రానికి 50 సైటేషన్లు వచ్చినా 5,000 వచ్చినా అది ఒక్క పత్రమే కాబట్టి, సకగుచి గారి 1995 పత్రం విలువ ఈ సూచికలో అసలు కనిపించదు. రచయితల వరుస క్రమాన్ని అది పట్టించుకోదు; సమీక్షా వ్యాసాన్నీ మూల పరిశోధననూ ఒకే గాటన కడుతుంది. ఇమ్యునాలజీలో సమీక్షా వ్యాసాలకు సైటేషన్లు ధారాళంగా వస్తాయి కనుక వాటిని వేరుగా చూపించండి. గూగుల్ స్కాలర్, స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే సైటేషన్ డేటాబేస్‌లు ఒకే వ్యక్తికి వేర్వేరు అంకెలు ఇస్తాయి. ఏ తేదీన దేనిలో చూశారో తప్పక రాయండి. సకగుచి అనే ఇంటిపేరు జపాన్‌లో చాలామందికి ఉంది కాబట్టి పేరుతో వెతికితే వేరేవారి పత్రాలూ కలుస్తాయి.

సమాధానం (బయోటెక్ పరిశోధకురాలు):
బ్రంకో గారి గురించి. ఆమె, రామ్స్‌డెల్ తమకు నోబెల్ తెచ్చిన పని చేసింది వాషింగ్టన్ రాష్ట్రంలోని బాథెల్‌లో, సెల్‌టెక్ కైరోసైన్స్ అనే కంపెనీలో. స్కర్ఫీ అనే ఎలుకల్లో మగ పిల్లలు కొద్ది వారాలకే ఎందుకు చనిపోతున్నాయో తెలుసుకోవడానికి ఎక్స్ క్రోమోజోమ్‌లోని ఒక భాగాన్ని జల్లెడ పట్టి, అనుమానించిన 20 జన్యువుల్లో చిట్టచివరి దానిలో లోపాన్ని కనుగొన్నారు. 2001లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన ఆ జన్యువే ఫాక్స్‌పి3. అది నియంత్రక టి-కణాల ఎదుగుదలను నడిపిస్తుందని 2003లో సకగుచి బృందమూ మరికొన్ని బృందాలూ చూపించాయి. కంపెనీలో ఏళ్ల తరబడి చేసిన శ్రమ ఒక్క పత్రంగా బయటికి రావచ్చు. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో అంత శ్రమ మరెన్నో పత్రాలవుతుంది.

అలాగని సైటేషన్లకు విలువ లేదని నేను అనను. వాటి ఆధారంగా థామ్సన్ రాయిటర్స్ 2015లో ప్రకటించిన నోబెల్ స్థాయి శాస్త్రవేత్తల జాబితాలో సకగుచి, అదే రంగంలోని అలెగ్జాండర్ రుడెన్‌స్కీ, ఈథన్ షెవాక్ ఉన్నారు. 2017లో నిపుణులు పరిశీలించి ఇచ్చిన క్రాఫూర్డ్ బహుమతి సకగుచి, రుడెన్‌స్కీలతోపాటు రామ్స్‌డెల్‌కూ దక్కింది. 2025 నోబెల్ జాబితాలో బ్రంకో చేరారు, రుడెన్‌స్కీకి చోటు దక్కలేదు. హెచ్-ఇండెక్స్ పట్టికకు బదులు ఈ మూడు జాబితాలను పక్కపక్కన పెట్టి, 1995, 2001 పత్రాలకు ఏటా వచ్చిన సైటేషన్లను రెండు రేఖలుగా గీయండి. 2003కు ముందూ తర్వాతా ఆ రేఖలు ఎలా కదిలాయో చూపిస్తే మీ సెమినార్‌కు కావలసిన చర్చ అక్కడే మొదలవుతుంది.