మా స్పైకర్ ఆ అమ్మాయి ఫోన్ చెక్ చేస్తున్నాడు, కోచ్‌గా నేనేం చేయాలి?

వాలీబాల్ సార్:
హనుమకొండ దగ్గర పదకొండేళ్లుగా ఇంటర్ పిల్లలకి వాలీబాల్ నేర్పిస్తున్నాను. మా టీమ్‌లో మంచి స్పైకర్ (నెట్ దగ్గర ఎగిరి బంతిని గట్టిగా కొట్టేవాడు) ఒకడున్నాడు, పదిహేడేళ్లవాడు. వాడూ, ఖో-ఖో ఆడే ఒకమ్మాయీ ప్రేమించుకుంటున్నారని గ్రౌండంతా తెలుసు. అది నాకనవసరం. కానీ మొన్న వాటర్ బ్రేక్‌లో వాడు చెయ్యి చాపాడు. ఆ పిల్ల మాట్లాడకుండా లాక్ తీసి ఫోన్ చేతిలో పెట్టింది. వాడు వాట్సాప్ పైనుంచి కిందిదాకా చూసి తిరిగిచ్చాడు. రోజూ జరిగే పనిలాగే ఉంది. అబ్బాయిలతో ఒకే బస్సులో వెళ్లొద్దన్నాడట, జిల్లా సెలెక్షన్స్ కూడా మానేసింది. మిగతా కుర్రాళ్లని అడిగితే "కేరింగ్ సార్" అని నవ్వారు. నేనూ నవ్వేసి విజిల్ వేశాను. రాత్రి నిద్ర పట్టలేదు. వాణ్ణి టీమ్‌లోంచి తీసేయాలా? ఇళ్లల్లో చెప్పాలా?

రిటైర్డ్ పీఈటీ:
సార్, ఇళ్లల్లో చెప్పడానికి తొందరపడకండి. ఇలాంటిదే ఒకసారి నేను చెప్పాను. అబ్బాయి మర్నాడు మామూలుగా గ్రౌండుకి వచ్చాడు. అమ్మాయిని చదువే మాన్పించారు. ముందు ఖో-ఖో మేడమ్‌ చేత ఆ పిల్లతో విడిగా మాట్లాడించండి. ఫొటోలు పెట్టి బెదిరిస్తున్నాడనో, బలవంతం చేశాడనో తేలితే మాత్రం ఆలోచించడానికేం లేదు. పద్దెనిమిది లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోతే పోక్సో చట్టం కింద మనదే తప్పవుతుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ముంబై తెలుగు:
ఇక్కడ 2010 ప్రాంతంలో స్కూల్ క్రికెట్ కోచ్‌ల ద్వారా కుర్రాళ్లకి అమ్మాయిల్ని గౌరవించడం నేర్పే 'పరివర్తన్' అని ఒక కార్యక్రమం నడిచింది. అమెరికాలోని 'కోచింగ్ బాయ్స్ ఇంటూ మెన్'ని మన పిల్లలకి తగ్గట్టు మార్చారు. లెక్చర్లు ఉండవు. ప్రాక్టీస్ దగ్గరే మాట్లాడాల్సిన విషయం రాసున్న కార్డు వారానికొకటి తీసి కాసేపు మాట్లాడతారు. ఆ అమెరికా కార్యక్రమాన్ని అక్కడి శాక్రమెంటో ప్రాంతంలో 16 హైస్కూళ్లలో పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించారు: తోటివాడు అమ్మాయిని వేధిస్తుంటే కల్పించుకునే కుర్రాళ్లు పెరిగారట. అందుకే, నన్నడిగితే, స్పైకర్ కంటే ముందు ఆ నవ్వినవాళ్లని పట్టుకోండి. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. డైవ్ కొట్టడానికి భయపడే కుర్రాణ్ణి మీరేమని తిడతారు?

వాలీబాల్ సార్:
"గాజులు తొడుక్కోరా" అంటాను. పదకొండేళ్లుగా.

ఇవాళ వార్మప్ అయ్యాక అందర్నీ కూర్చోబెట్టి, లాక్ తీసి ఫోన్లు నా చేతికివ్వమన్నాను. ఒక్కడూ ఇవ్వలేదు. "ఎందుకు సార్?" అన్నాడు వెనక డిఫెన్స్ ఆడే మా లిబెరో. "కేరింగ్ రా" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. స్పైకర్ తల వంచుకుని, కట్టి ఉన్న లేసే విప్పి మళ్లీ కట్టుకున్నాడు. మేడమ్‌తో మాట్లాడాను, రేపు పొద్దున ఆ అమ్మాయిని కలుస్తానంది.