కొత్త మాటలు కథల్లోంచి వస్తాయా, జాబితా బట్టీ పడితే వస్తాయా?

కావలి అమ్మ:
మా పాప తొమ్మిదో తరగతి, ఇంగ్లీష్ మీడియం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. కానీ ఏం మాటలవి? తిన్నావా, ట్యూషన్ టైమ్ అయింది, ఫోన్ పక్కన పెట్టు. అవే తిరిగి తిరిగి వస్తుంటాయి. ఈ వేసవి సెలవుల్లో మన వైపు పల్లెల మీద రాసిన కథల పుస్తకం ఒకటి తెచ్చి ఇద్దరం కలిసి చదవడం మొదలుపెట్టాం. మొదటి పేజీలోనే పద్నాలుగు చోట్ల ఆగింది. గెనెం అంటే ఏంటి, మడక అంటే ఏంటి, కళ్ళు చెమ్మగిల్లడం అంటే ఏంటి. రెండో పేజీ తిప్పకుండానే పుస్తకం మూసేసింది.

మా ఆయన ఏమంటారంటే, ఒక వెయ్యి పదాలకి అర్థాలు ప్రింట్ తీసి రోజుకి పది చొప్పున నేర్పించు, కథలు తర్వాత చదవొచ్చు అని. నాకు మనసొప్పడం లేదు. నాకు వచ్చిన మాటలన్నీ కథల్లోంచి వచ్చినవే. ఎలా వచ్చాయో చెప్పమంటే మాత్రం చెప్పలేకపోతున్నాను. పిల్లలకి చెప్పేవాళ్ళు, చదివేవాళ్ళు మీ అనుభవం చెప్పండి.

కందుకూరు కోచింగ్:
అమ్మా, మీ ఆయన చెప్పిందే సరైన దారి. నేను డీఎస్సీకి చదివే పిల్లలకి తెలుగు చెబుతాను. పర్యాయపదాలు, నానార్థాలు, ప్రకృతి వికృతులు పట్టిక వేసి ఇస్తాను. పొద్దున పది, సాయంత్రం అవే పది, మూడో రోజు మళ్ళీ అవే. మరుపు గురించి ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన 1885లోనే తన మీదే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. నేర్చుకున్నదాంట్లో చాలా భాగం మొదటి గంటల్లోనే పోతుంది, ఎడం ఇచ్చి మళ్ళీ మళ్ళీ చూస్తేనే నిలుస్తుంది. కథలో ఆ ఏర్పాటు ఎక్కడుంది? ఒక మాట మూడో పేజీలో వస్తుంది, మళ్ళీ పుస్తకం అయిపోయేదాకా కనబడదు.

కథలు చదవొద్దని నేను అనను. ఆనందం కోసం చదవాలి. మాటలు నేర్చుకోవడం వేరే పని.

ఒంగోలు టీచరు:
మాస్టారూ, ఎబ్బింగ్‌హౌస్ బట్టీ పట్టినవి అర్థం లేని అక్షరాల గుంపులు. ఏ మాటతోనూ చుట్టరికం లేనివి కావాలనే ఆయన వాటిని తయారు చేసుకున్నాడు. మనం పిల్లలకి ఇచ్చే పట్టికలో మాట కూడా అలాగే చుట్టరికం లేకుండా ఉంటోంది, నా బాధ అదే.

వానే తీసుకోండి. పట్టికలో జల్లు, తుంపర, ముసురు, జడివాన, వృష్టి అన్నీ ఒకే వరసలో ఉంటాయి, అన్నిటికీ అర్థం వాన. పిల్ల బట్టీ పట్టింది, పరీక్షలో మార్కు వచ్చింది. తర్వాత వ్యాసంలో "నిన్న సాయంత్రం పది నిమిషాలు ముసురు కురిసింది" అని రాసింది. నా క్లాసులో నిజంగా జరిగింది ఇది. తప్పెక్కడుందో ఆ పిల్లకి నేను పట్టికతో ఎలా చెప్పను? ముసురు కురిసింది అనం, పట్టింది అంటాం. పది నిమిషాల్లో పోయేది ముసురే కాదు. కార్తీకంలో వాయుగుండం వచ్చినప్పుడు మూడు రోజులు ఎండ పొడ లేకుండా, ఆరేసిన బట్టలు ఆరకుండా, గొడ్లు పాకలోంచి కదలకుండా ఉంటుందే, అది ముసురు. ఆ మాటలో తడి ఉంది, విసుగు ఉంది, పనికి పోలేని కూలీ ఇంట్లో పొయ్యి వెలగని దిగులు ఉంది. ఇవన్నీ మంచి కథకుడు ఒక్క పేరాలో పెడతాడు, పేజీలు తిప్పుతుంటే తెలియకుండానే మనసుకి ఎక్కుతాయి. జల్లు "పడింది" అంటాం, ముసురు "పట్టింది" అంటాం. ఏ మాట పక్కన ఏ క్రియ కూర్చుంటుందో తెలిస్తేనే ఆ మాట వచ్చినట్టు. నా ఇరవై ఏళ్ళ అనుభవంలో అది చదివే పిల్లలకే వచ్చింది.

పినాకిని:
నెల్లూరు వాడిని, బెంగళూరులో ఉద్యోగం. ఈ విషయం మీద కొంత చదివాను కాబట్టి రెండు లెక్కలు చెబుతాను.

మొదటిది. చదువుతూ అర్థం ఊహించుకోవాలంటే పేజీలో దాదాపు వందకి 98 మాటలు ముందే తెలిసి ఉండాలని హూ, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో తేల్చారు. అంటే యాభై మాటలకి ఒక్కటి కొత్తది. వాళ్ళు చూసింది ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ళని. తెలుగులో మాట మీద మాట అతుక్కుంటుంది కాబట్టి లెక్క అచ్చం అలాగే ఉండకపోవచ్చు, కానీ దారి అదే. పేజీకి 250 మాటలనుకుంటే ఐదు కొత్త మాటలు భరించగలం. మీ పాపకి పద్నాలుగు వచ్చాయి. తప్పు పాపదీ కాదు, కథలదీ కాదు, ఆ పుస్తకం ఇంకో రెండేళ్ళ తర్వాత చదవాల్సింది.

రెండోది కందుకూరు అన్న వైపు మాట్లాడుతుంది. స్వాన్‌బోర్న్, డి గ్లాపర్ అనే ఇద్దరు 1999లో అప్పటిదాకా వచ్చిన ఇరవై అధ్యయనాలు కలిపి చూశారు. మామూలుగా చదువుకుంటూ పోతే ఎదురైన కొత్త మాటల్లో సగటున వందకి పదిహేను నిలుస్తున్నాయి. అంతే. అందుకని ఒకటి చదివి ఊరుకుంటే లాభం తక్కువ, చాలా చదవాలి. అదే రచయితవి వరసగా చదివితే ఇంకా మంచిది, ఎవరి మాటలు వాళ్ళు మళ్ళీ మళ్ళీ వాడతారు కదా.

గిద్దలూరు పాఠకుడు:
మన నెల్లూరు తిక్కన భారతంలో పదిహేను పర్వాలు రాశాడు. అచ్చ తెలుగు మాటలకి అంతకన్నా గని ఏముంది? పాపకి అదే మొదలుపెట్టండి.

పినాకిని:
అన్నా, తిక్కన మీద మీకెంత గౌరవమో నాకూ అంతే. కానీ తొమ్మిదో తరగతి పాపకి అక్కడ పద్యానికి నాలుగు మాటలు తెలిస్తే గొప్ప. కథలే పద్నాలుగు చోట్ల ఆపితే భారతం గుమ్మం దగ్గరే ఆపుతుంది. ఇంకో పదేళ్ళకి తనే వెళ్తుంది.

కోవూరు తాత:
అమ్మా, నేను రైతును. డెబ్బై దాటాయి. మా మనవరాలు కూడా ఇట్టాగే మడక దగ్గర ఆగింది. బడి పుస్తకంలో నాగలి అని ఉంటుంది, మా ఇంట్లో మడక అన్నాం ఎప్పుడూ. గెనెం అంటే ఒంగోలు వైపు గట్టు. కయ్య అంటే మడి. ఈ తేడాలన్నీ ఊరూరా తిరిగి రాయించి 1962లో వ్యవసాయ పదాల మాండలిక కోశం తెచ్చిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు పుట్టింది ఒంగోల్లోనే. మన మాటలకి అంత మర్యాద చేసిన మనిషి మన వైపు వాడని పిల్లలకి చెప్పండి.

ఇప్పుడు అసలు సంగతి. మాట కథలో కనబడితే చాలదు. కథలో ఒక రైతు "ఎకరాకి రెండు పుట్లే అయినాయి" అంటాడు. నిఘంటువు తీస్తే పుట్టి అంటే ఇరవై తూములు అని ఉంటుంది. దాంతో ఏం తెలిసింది? మా నెల్లూర్లో వడ్ల పుట్టి అంటే 850 కిలోలు. ఎకరాకి నాలుగు పుట్లు దిగితే రైతు నవ్వుతాడు, రెండంటే కౌలు కూడా రాదు. ఆ "రెండే" అన్న మాటకి చదివేవాడి గుండె బరువెక్కాలి. మా మనవరాలికి పుట్టి అంటే ఏంటో చెప్పిన తర్వాత ఆ పేజీ మళ్ళీ చదివి కాసేపు మాట్లాడలేదు. పక్కన తెలిసిన మనిషి ఉండి చెప్పాలమ్మా. కథ ఒక్కటే చేయలేదు, పట్టిక అసలే చేయలేదు.

కందుకూరు కోచింగ్:
తాతగారూ, మీ మాట కాదనను. మా కందుకూరు 2022లో మళ్ళీ నెల్లూరు జిల్లాలో కలిసింది కానీ మా ఇంట్లో గట్టు అనే అంటాం, గెనెం నేను కూడా పుస్తకంలోనే చూశాను. ఒప్పుకుంటాను.

కానీ ఊహించుకోవడం మీద మీరంతా పెట్టుకున్న నమ్మకం నాకు భయం వేస్తుంది. మా దగ్గర బాగా నవలలు చదివే అమ్మాయి ఒకతె ఉండేది. "తండ్రి అతని తప్పులను ఉపేక్షించాడు" అన్న వాక్యానికి క్షమించాడు అని అర్థం రాసింది. కథలో ఆ అర్థంతోనూ వాక్యం నడిచిపోతుంది! అలా ఎన్నేళ్ళు చదివిందో. ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం, ఎదురుగా కనబడుతున్నా ఊరుకోవడం. క్షమించే తండ్రి వేరు, ఉపేక్షించే తండ్రి వేరు, కథంతా మారిపోతుంది. ఇంకో అబ్బాయి దాన్ని అపేక్ష అనుకున్నాడు. తప్పు అర్థం ఒకసారి కుదురుకుంటే పీకడం చాలా కష్టం. ఎవరో ఒకరు సరిదిద్దాలి, లేదా నిఘంటువు తీయాలి.

ఒంగోలు టీచరు:
ఈ మాట నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను మాస్టారూ. నిఘంటువు తీయాల్సిందే. ఎప్పుడు తీయాలన్నదే ప్రశ్న. మాట మాటకీ తీస్తే కథ చచ్చిపోతుంది. నేను పిల్లలకి పెన్సిల్ ఇచ్చి, తెలియని మాట కింద చుక్క పెట్టి ముందుకి పొమ్మంటాను. కథ అయ్యాక చుక్కలన్నీ చూస్తే సగం వాటికి అర్థం వాళ్ళే చెప్పేస్తారు. మిగిలినవాటిలో మళ్ళీ మళ్ళీ వచ్చినవి, లేదా వాళ్ళని కదిలించినవి నాలుగైదు మాత్రం వెతికిస్తాను.

కావలి అమ్మగారూ, ఇక్కడ మీకు ఒక చిక్కు వస్తుంది, ముందే చెబుతున్నాను. పాప నిఘంటువులో "చెమ్మగిల్లాయి" అని వెతికితే దొరకదు. చెమ్మగిల్లు అని వెతకాలి. "కాళ్ళీడ్చుకుంటూ" దొరకదు, సంధి విడదీసి ఈడ్చు దగ్గరికి వెళ్ళాలి. 1885లో వచ్చిన శబ్దరత్నాకరం లాంటి పాత నిఘంటువుల్లో మాట చివర ము, వు ఉంటాయి, కొన్నిటికి అరసున్న ఉంటుంది. ఆంధ్రభారతి సైటులో చాలా నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు, కానీ మాట మూలరూపం తెలియాలి. తెలుగు పిల్లలు నిఘంటువు వదిలేయడానికి పెద్ద కారణం ఇదేనని నా నమ్మకం. దొరకలేదు అంటే మాటే లేదనుకుంటారు. మొదటి నెల మీరు పక్కన కూర్చుని విడదీయడం చూపించండి. నోట్‌బుక్‌లో మాట, అర్థం మాత్రమే రాయించకండి. కథలో వాక్యం మొత్తం రాయించండి. నెల తర్వాత ఆ వాక్యం చూస్తే కథ గుర్తొస్తుంది, దాంతో మాట గుర్తొస్తుంది.

కందుకూరు కోచింగ్:
ఆ నోట్‌బుక్‌ని మూడో రోజు, పదో రోజు, నెలకి తిరిగి చూడకపోతే అంతా వృథా. ఇది మాత్రం వదులుకోను.

కావలి అమ్మ:
అందరికీ నమస్కారం. మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఆ పుస్తకం పైన పెట్టేసి తేలికైన కథలు తెచ్చాను. పేజీకి మూడు నాలుగు చుక్కలు పడుతున్నాయి. ఇప్పటికి పదకొండు కథలు అయ్యాయి. నోట్‌బుక్‌లో నలభై రెండు వాక్యాలు ఉన్నాయి. కందుకూరు మాస్టారు చెప్పినట్టు మూడో రోజు, పదో రోజు అడుగుతున్నాను. నిన్న మాట చేత్తో మూసి వాక్యం చదివించాను, ముప్ఫై ఒకటి చెప్పింది. మాట ఒక్కటే రాసి అర్థం అడిగితే పంతొమ్మిదే. ఒక్క పాపతో ఏం రుజువవుతుందో నాకు తెలియదు, చూసింది చెబుతున్నాను. మా ఆయన కూడా పక్కన కూర్చుని లెక్కపెట్టారు.

గెనెం మాత్రం ఎంత చెప్పినా గట్టు అని అప్పజెబుతోంది కానీ కళ్ళలో ఏమీ కనబడటం లేదు. తాతగారూ, మీ వైపు ఎడగారు పంటకి వరి నాట్లు ఇంకా ఉన్నాయా?

కోవూరు తాత:
ఇంకో వారం ఉంటాయమ్మా. పొద్దున్నే రండి, ఎండెక్కితే పాప నిలబడలేదు. చెప్పులు చేతిలో పట్టుకుని నడవాలి, గెనెం జారుతుంది.