సరుకుల చీటీలో ‘వీగన్’ను తెలుగులో ఎలా రాయాలి?

ప్రశ్న: మా అమ్మాయి జంతువుల నుంచి వచ్చేదేదీ తినని ‘వీగన్’గా మారి, పాలు, పెరుగు, నెయ్యి, తేనె పూర్తిగా మానేసింది. వారానికొకసారి సూపర్‌మార్కెట్‌కు వెళ్ళేది మా అత్తగారు. ఆవిడ తెలుగే చదువుతారు కనుక చీటీ తెలుగులోనే రాసి ఇస్తాను. ‘శాకాహారం’ అని రాస్తే వెన్న బిస్కెట్లు, పనీరు కూడా ఇంటికి వస్తున్నాయి. ఏ మాట రాస్తే సరిపోతుందో పెద్దలు చెప్పగలరు.

సమాధానం: అమ్మా, మీరు కోరే అర్థం ‘శాకాహారం’లో లేదు. తెలుగునాట మాంసం, చేప, గుడ్డు లేని భోజనమే శాకాహారం; చివర పెరుగన్నం తింటే గాని ఆ భోజనం ముగిసినట్టు కాదు. ముందు ‘శుద్ధ’ అని చేర్చినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే నేతి మిఠాయిల దుకాణాల బోర్డుల మీద కూడా ఆ మాటే కనిపిస్తుంది. మన చట్టం కూడా వాడుకనే అనుసరించింది. పాలు, పాల పదార్థాలు, తేనె మాంసాహారం లెక్కలోకి రావు కాబట్టి, అవి కలిసిన ప్యాకెట్ మీద కూడా చదరంలో ఆకుపచ్చ చుక్కే ఉంటుంది. వీగన్ ఆహారానికి వేరే గుర్తు, వేరే నిబంధనలు 2022లో వచ్చాయి.

ఇంగ్లీషువారికీ ఇదే ఇబ్బంది ఎదురైంది. 1944లో డోనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు తమ సంఘానికి పేరు వెతుకుతూ, ‘వెజిటేరియన్’ అనే మాట మొదటి అక్షరాలను, చివరి అక్షరాలను కలిపి ‘వీగన్’ అన్నారు. ఆ మాట ఇప్పుడు తోలు, ఉన్ని, పట్టు వాడకపోవడాన్ని కూడా సూచిస్తున్నది కనుక, ‘సంపూర్ణ శాకాహారం’ వంటి అనువాదాలు దాని పరిధిని తిండికే కుదిస్తాయి. అందుచేత ఆ జీవన విధానాన్ని చెప్పేటప్పుడు ‘వీగన్’ అనే రాయడం మేలని నా అభిప్రాయం.

చీటీకి మాత్రం ‘పాడి లేని’ అన్న మాట చాలు. పాడి ఆవు, పాడి గేదె, పాడిపంటలు అనే ఇంట్లో ఎవరికీ దాని అర్థం విప్పి చెప్పనక్కరలేదు. పాలు, మీగడ, పెరుగు, వెన్న, నెయ్యి, జున్ను అన్నీ అందులో ఇమిడిపోతాయి. ‘పాలు లేని’ అని రాస్తే చిక్కు వస్తుంది, ఎందుకంటే మన భాషలో కొబ్బరి పాలు, గోధుమ పాలు, చివరికి జిల్లేడు పాలు కూడా పాలే. పాలు అనే మాట పశువుకే పరిమితం కాదు, పాడి మాత్రం పశువుదే.

ఇక ఈ మాట అన్ని సరుకుల పక్కనా రాయవలసిన పని లేదు. కందిపప్పు, మినప్పప్పు, శనగలు, పల్లీలు, నువ్వులు, మీల్ మేకర్, కూరగాయలు ఎలాగూ పాడి లేనివే. బ్రెడ్డు, బిస్కెట్లు, మసాలా చల్లిన చిప్స్, చాక్లెట్ల దగ్గరే జాగ్రత్త అవసరం. ప్యాకెట్ మీద వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలునని నిబంధన ఉన్నందువల్ల, తెలుగు మాత్రమే చదివేవారు వాటిని పోల్చుకోలేరు. అందువల్ల ‘బ్రెడ్డు: పాడి లేనిది’ అని రాసి, దాని కింద ‘మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసినేట్ ఉంటే వద్దు’ అని (ఈ మూడూ పాల నుంచి తీసినవే) తెలుగు లిపిలో రాసి ఇస్తే, అత్తగారు ఆ చీటీని దుకాణంలో పనిచేసే అబ్బాయికి చూపించి అడగగలరు. సోయా పాలు కొనేటప్పుడు ‘విటమిన్ బి12, కాల్షియం కలిపినవి’ అని తప్పకుండా చేర్చండి. మొక్కల నుంచి వచ్చే ఆహారంలో బి12 నమ్మదగినంతగా దొరకదు.

మరొక సభ్యురాలు: ‘పాడి లేని’ బాగుంది, కాని తేనె పాడి కాదు కదండీ? నేతిబీరకాయ విషయంలోనూ ‘నేతి’ అన్న మాటను చూసి పెద్దవారు తడబడవచ్చు.

సమాధానం: తేనె సంగతి నిజమే. ఓట్స్ మిశ్రమాలు, దగ్గు బిళ్ళల వంటి వాటి పక్కన ‘తేనె లేనిది’ అని విడిగా రాయవలసిందే. రెంటినీ ఒకే మాటలో ఇరికిస్తే స్పష్టత పోతుంది. నేతిబీరకాయ విషయంలో మాత్రం సందేహం అక్కరలేదు. అందులో నెయ్యి ఉండదన్న సామెత తెలియని పెద్దవారు ఉండరు కనుక, దాన్ని కూరగాయల వరుసలో అలాగే రాయవచ్చు.